వైద్యుడికి చట్టం ఎంతవరకు అండ: ఒక యువ రచయితకు లేఖ

హన్మకొండ

తమ్ముడూ,

అంతర్యుద్ధాల్లో వైద్యులకు, పౌరులకు ఉండే రక్షణ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. నీ ఆవేశం నిజమైనదే, భాష కూడా బాగుంది. అయితే సిరియా ఆసుపత్రుల నుంచి మన ఏటూరునాగారం అడవి దాకా అన్నిటినీ ఒకే గాటన కట్టి, ఇదంతా జెనీవా ఒప్పందాల ఉల్లంఘనేనని తేల్చేశావు. న్యాయశాస్త్రం చదువుతున్నవాడివి, అంత తొందర పనికిరాదు. ఎక్కడ ఏ చట్టం చెల్లుతుందో అక్కడ దాన్నే నిలబెట్టి రాయాలి. లేకపోతే నీ వాదనను కొట్టిపారేయాలనుకునే వకీలుకు నువ్వే దారి చూపినట్టవుతుంది.

1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలు ప్రధానంగా దేశాల మధ్య యుద్ధాల కోసం రాసుకున్నవి. దేశం లోపల జరిగే సాయుధ సంఘర్షణకు వాటిలో వర్తించేది నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం. పోరులో పాల్గొననివారిని, ఆయుధం కింద పెట్టినవారిని మానవీయంగా చూడాలని, గాయపడినవారిని, రోగులను చేరదీసి వైద్యం అందించాలని అది ఇరుపక్షాలనూ కట్టడి చేస్తుంది. ఇరుపక్షాలూ అంటే తిరుగుబాటుదారులు కూడా. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా కనిపించలేదు. ఈ నియమాలు వర్తించినంత మాత్రాన ఎవరి చట్టపరమైన హోదా మారదని కూడా అందులోనే ఉంది. ఆ హామీ లేకుంటే చాలా ప్రభుత్వాలు సంతకమే పెట్టేవి కావని నా అనుమానం.

ఆ ఒప్పందాలకు అనుబంధంగా వచ్చిన 1977 నాటి రెండో అదనపు ప్రోటోకాల్ ఇంకా ముందుకు వెళ్లింది. వైద్య నీతికి లోబడి చికిత్స చేసినవారిని, ఆ చికిత్స ఎవరికి అందిందన్న దానితో నిమిత్తం లేకుండా, ఏ పరిస్థితిలోనూ శిక్షించరాదని దాని పదో అధికరణం చెబుతుంది. పదకొండోదాన్ని నువ్వు సగమే చెప్పావు. ఆసుపత్రిని దాని పనికి విరుద్ధంగా శత్రుచర్యలకు వాడుకుంటే రక్షణ పోతుంది, కానీ ముందు హెచ్చరించి, వీలున్న చోట తగిన గడువిచ్చి, ఆ హెచ్చరికను లెక్కచేయనప్పుడే పోతుంది. ఈ షరతు నీ కోపాన్ని చల్లారుస్తుందని వదిలేసినట్టున్నావు. నిజానికి నీ వాదనకు పదును పెట్టేది అదే, ఎందుకంటే హెచ్చరిక ఇచ్చారా, గడువు ఇచ్చారా అని పాఠకుడు తానే అడగడం మొదలుపెడతాడు.

2015 అక్టోబర్ 3న అఫ్ఘానిస్తాన్‌లోని కుందుజ్‌లో ‘సరిహద్దులు లేని వైద్యులు’ నడిపిన ఆసుపత్రిపై అమెరికా విమానం దాడి చేసింది. 42 మంది చనిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో ఆ సంస్థ ముందే తెలియజేసింది, దాడి జరుగుతుండగా ఫోన్లు కూడా చేసింది. వేరే భవనమని పొరబడ్డామని, ఉద్దేశపూర్వకం కాదు గనుక యుద్ధనేరం కాదని అమెరికా సైన్యం తన విచారణలో తేల్చుకుని, 16 మందిపై శాఖాపరమైన చర్యలతో సరిపెట్టింది. ఆ వాదన నీకు నచ్చకపోయినా వ్యాసంలో పెట్టు. తప్పు చేసినవాడే విచారణాధికారి అయితే ఏమవుతుందో అప్పుడు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. భారతదేశం 1949 ఒప్పందాలను 1950లో ఆమోదించి, 1960లో వాటి అమలుకు చట్టం చేసింది, కానీ 1977 ప్రోటోకాళ్లలో చేరలేదు. పైగా మన అడవుల్లో నక్సలైట్లతో జరిగినదాన్ని ప్రభుత్వం శాంతిభద్రతల సమస్యగానే చూసింది తప్ప సాయుధ సంఘర్షణగా ఒప్పుకోలేదు. కాబట్టి నువ్వు కలిసి మాట్లాడిన ఆర్‌ఎంపీకి కోర్టులో పదో అధికరణం అక్కరకు రాదు. రాత్రి అన్నలు తలుపు తట్టి, మలేరియాతో ఒణుకుతున్న మనిషిని అరుగు మీద కూర్చోబెడితే ఆయన కాదనలేడు. తెల్లారి స్టేషన్‌కు రమ్మంటే పోకుండా ఉండలేడు. “వాళ్లకు సూది ఎందుకేసినవ్?” అని ఒకరు, “పోలీసోళ్లకు ఏం చెప్పినవ్?” అని మరొకరు. అందులోనూ చేతిలో డిగ్రీ లేదు, ఆ లోటును ఎవరైనా ఎప్పుడైనా ఎత్తిచూపవచ్చు.

అంతమాత్రాన ఇక్కడ చట్టమే లేదని కాదు. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు, గాయపడినవాడు నిర్దోషి అయినా నేరస్థుడైనా ప్రాణం కాపాడడం వైద్యుడి బాధ్యతేనని, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణం ఆధారంగా స్పష్టంగా చెప్పింది. నీ వ్యాసంలో రెండో సగం నిలబడాల్సింది ఈ తీర్పు మీద. పత్రికల్లో వచ్చిన ముక్కలతో సరిపెట్టుకోక పూర్తి పాఠం చదువు.

డాక్టర్ రామనాథం గారి ప్రస్తావన కూడా సరిచేయాలి. ఆయన పిల్లల వైద్యుడు, 1985 సెప్టెంబర్‌లో వరంగల్‌లో తన క్లినిక్‌లోనే కాల్పులకు బలయ్యారు. అయితే ఆయన పౌరహక్కుల నాయకుడు కూడా. ఆయన మీద కక్ష వైద్యానికి సంబంధించింది కాదని, హక్కుల పనికి సంబంధించిందని ఇక్కడ చాలామంది నమ్మిక. చికిత్స చేసినందుకు చంపబడ్డవారి వరుసలో ఆయనను చేర్చితే, ఆయన చేసిన పనిలో సగాన్ని నువ్వే తుడిచేసినట్టు.

చివరిగా, ఆ ఆర్‌ఎంపీ పేరు మార్చావు గానీ ఊరి పేరు, ఇంటి ముందరి వేపచెట్టు, కొడుకు ఉద్యోగం అలాగే ఉంచావు. అంత చిన్న పల్లెలో ఆయనను పోల్చుకోవడానికి ఆ మూడూ చాలు. ముందు వాటిని తీసెయ్యి, ఆ తరువాతే రెండో ప్రతి పంపు.

మీ అన్న