స్థలం దానమిస్తే పన్ను మినహాయింపు ఏ ధర మీద?

ప్రశ్న: నేను రిటైర్డ్ హెడ్మాస్టర్ని. తిరుచానూరు దగ్గర 1998లో నా పేరుతో కొన్న 120 అంకణాల స్థలం ఉంది. తిరుపతిలో అనాథ పిల్లలను చూసుకునే ఒక ట్రస్టుకు ఇవ్వాలనుకుంటున్నాను. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు లెక్క 30 లక్షలు, బయట 72 లక్షలు పలుకుతోంది. వాల్యూయర్‌తో రిపోర్టు రాయించుకుంటే మొత్తం పన్ను మినహాయింపు వస్తుందని అమెరికాలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. ఏ ధర చూపాలి? (చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మాస్టారూ, ఏ ధర చూపినా మీకు వచ్చే మినహాయింపు సున్నా. మీ అబ్బాయి చెప్పింది తప్పు కాదు, కానీ అది అక్కడి చట్టం. అక్కడ 5,000 డాలర్లు దాటిన ఆస్తి దానానికి వాల్యూయర్ రిపోర్టు కావాలి. మన ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకు మినహాయింపు ఇచ్చే, 80జి అని పిలిచే నిబంధన డబ్బు రూపంలో ఇచ్చిన విరాళాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. స్థలం, బంగారం, బియ్యం మూటలు, ఏవి ఇచ్చినా పుణ్యమే తప్ప పన్ను తగ్గదు. ట్రస్టు వాళ్లు 72 లక్షలకు రసీదు రాసిచ్చినా అంతే.

'అయితే అమ్మేసి డబ్బే ఇస్తాను' అంటారేమో. ఆ పని మాత్రం చేయకండి. అమ్మితే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడుతుంది. దానికి ఎదురుగా 80జి వాడుకోవడానికీ లేదు, ఎందుకంటే ఆదాయంలో ఎంత శాతం వరకు విరాళాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న పరిమితి కట్టేటప్పుడు ఇలాంటి దీర్ఘకాలిక లాభాన్ని ఆదాయంలోంచి తీసేస్తారు. పెన్షను, వడ్డీ కలిపి మీకు ఏడాదికి 6 లక్షలు అనుకుందాం. మామూలు ట్రస్టుకు ఎంత ఇచ్చినా అందులో 10 శాతం, అంటే 60 వేలే లెక్కకొస్తుంది. దాంట్లో సగం, 30 వేలు మీ ఆదాయంలోంచి తీసేస్తారు. అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

స్థలాన్నే నేరుగా రాసిస్తే, దానం అమ్మకం కిందకు రాదు కాబట్టి ఆ లాభప్పన్ను ఉండదు. నన్నడిగితే ఇదే మేలు. పత్రంలో 30 లక్షల సర్కారు విలువ చాలు. గొప్పకు 72 అని రాయిస్తే స్టాంపు డ్యూటీ ఊరికే పెరుగుతుంది.

దాన పత్రం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. మీరు ఉండగానే ట్రస్టు దాన్ని స్వీకరించాలి. అందుకే ట్రస్టు తీర్మానం కాపీ తెప్పించుకుని, వాళ్ల కార్యదర్శిని అదే రోజు రిజిస్ట్రేషన్‌కు రమ్మనండి. స్థలం పిల్లల వసతికే వాడాలన్న మాట పత్రంలోనే రాయించండి. నోటి మాటగా వదిలేస్తే రేపు అక్కడ కాంప్లెక్స్ లేచినా మీరు అడగలేరు.