అభికేంద్రమా, అపకేంద్రమా?

సందేహం: బస్సు మలుపు తిరిగేటప్పుడు మనల్ని బయటికి నెట్టేది అపకేంద్ర బలం అని చిన్నప్పుడు చదువుకున్నాను. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అది అభికేంద్ర బలం అంటున్నాడు. రెండూ ఒకటేనా? ఉపగ్రహం తిరిగేది కక్షలోనా, కక్ష్యలోనా?

సమాధానం: ఒకటి కావు, రెండూ ఎదురెదురు మాటలు. తేడా అంతా ఉపసర్గలోనే ఉంది. 'అభి' అంటే వైపు. అభిముఖం తెలుసు కదా. ప్రియుడి దగ్గరికి బయలుదేరిన నాయిక అభిసారిక. 'అప' అంటే అవతలికి, దూరంగా. అపహరణలో సొమ్ము మన దగ్గర్నుంచి పోతుంది. కాబట్టి కేంద్రం వైపు లాగేది అభికేంద్ర బలం, అవతలికి తోసేది అపకేంద్ర బలం. లాటిన్‌లోనూ అంతే. 'కేంద్రం నుంచి పారిపోయేది' అనే అర్థంలో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ ఒక పేరు పెడితే, 'కేంద్రాన్ని కోరి వెళ్లేది' అని న్యూటన్ దానికి జోడీ పేరు కల్పించి, 1687 నాటి తన గ్రంథం ప్రిన్సిపియాలో వాడాడు.

ఇక బస్సు సంగతి. రోడ్డు పక్కన నిలబడి చూసేవారికి మిమ్మల్ని బయటికి నెట్టే బలమేదీ కనిపించదు. మీ ఒళ్లు తిన్నగా పోబోతుంది, బస్సేమో పక్కకు తిరుగుతుంది; సీటూ, పక్క గోడా మిమ్మల్ని లోపలికి తిప్పుతాయి. అదీ అభికేంద్ర బలం. బయటికి తోసినట్టు అనిపించేదానికి మాత్రం ఆ పేరు పెట్టకూడదు. బస్సులో కూర్చుని లెక్క వేసేవారికి అది అపకేంద్ర బలమే. పుస్తకాల్లో దాన్ని మిథ్యాబలం అన్నారు కదా అని మాటే తప్పనుకోవద్దు.

నాకు బాధ కలిగించే వాక్యం వేరే ఉంది: 'వడిసెల వదలగానే అపకేంద్ర బలం వల్ల రాయి ఎగిరిపోయింది.' జొన్నచేలో వడిసెలతో, అంటే తాడులో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరి, పిట్టలను తోలినవారిని అడగండి. రాయి చేతికి ఎదురుగా బయటికి పోదు, వదిలిన క్షణంలో ఎటు కదులుతోందో అటే తిన్నగా, అంటే స్పర్శరేఖ వెంట పోతుంది. లాగే తాడు పట్టు పోయింది, అంతే. 'తాడు పట్టు తప్పడంతో' అని రాయడమే సరైనది.

ఇంకొకటి. అభికేంద్ర బలం అనేది గురుత్వాకర్షణ, ఘర్షణల పక్కన నిలబెట్టాల్సిన మరో బలం కాదు. వ్యాకరణంలో కర్మ లాంటిది. ఏ నామవాచకమైనా వాక్యంలో కర్మ కావచ్చు. అలాగే వడిసెలలో తాడు బిగువు, మలుపులో టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ, చంద్రుడి విషయంలో భూమి ఆకర్షణ ఆ పని చేస్తాయి. చంద్రుడు సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు ముందుకు పోతూ, ఆ సెకనులోనే సరళరేఖ నుంచి భూమి వైపు 1.4 మిల్లీమీటర్లు వంగుతాడు. ఆ కొద్ది వంపే దారిని గుండ్రంగా చుట్టేస్తుంది!

ఆ దారి పేరు కక్ష్య. సంస్కృత జ్యోతిషంలో 'కక్షా' రూపమూ ఉంది, హిందీవారు దాన్నే ఉంచుకున్నారు. తెలుగులో కక్ష అంటే పగ అనే అర్థం బాగా స్థిరపడింది కనుక, ఉపగ్రహానికి యవత్తు పెట్టి కక్ష్య అనే రాయండి.