టెక్ సందేహాలు: బడ్స్ పాడయ్యాయా, పాటే అంతేనా?

ప్రశ్న: అన్నా, ఈమధ్య పోస్ట్-రాక్ (మెల్లగా మొదలై మోతగా పేలే తరహా గిటార్ సంగీతం) పిచ్చి పట్టింది. బస్సులో మొగ్వాయ్ అనే బ్యాండ్ వాళ్ల 'లైక్ హెరాడ్' పెడితే మొదట్లో అసలేం వినపడట్లేదు, సౌండ్ ఫుల్లుగా పెంచుతా, ఇంతలో ఢామ్మని పేలి బడ్స్ పీకేయాల్సొస్తోంది. స్పాటిఫైలో వాల్యూమ్ లెవెల్ 'లౌడ్' పెట్టా, కాస్త నయమే గానీ ఆ పేలుడులో పస పోయింది. బడ్స్ మార్చాలా?

జవాబు: డబ్బులు దాచుకో తమ్ముడూ, బడ్స్‌కి ఏ రోగం లేదు. ఆ పాట చేసిందే అలా. ఈ గ్లాస్గో బ్యాచ్ 1997లో 'యంగ్ టీమ్' ఆల్బమ్‌లో పెట్టారు దీన్ని, గిటార్ కొన్ని నిమిషాలు గుసగుసలాడి, ఇక కునుకు తీద్దాంలే అనుకునేసరికి మోత మీదపడుద్ది. రాత్రి లైట్లార్పి మొదటిసారి విన్నప్పుడు నా చేతిలో టీ ఒలికింది, అదింకో కథ.

నీ అసలు దొంగ ఆ 'లౌడ్' సెట్టింగే. స్పాటిఫై 'నార్మల్'లో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (పాట మొత్తమ్మీద ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మోత ఎక్కువ) సరిచేస్తుంది, అంటే పాట మొత్తాన్నీ ఒకే కొలతతో పెంచడమో తగ్గించడమో, కాబట్టి గుసగుసకీ మోతకీ మధ్య తేడా చెక్కుచెదరదు. 'లౌడ్'లో టార్గెట్ మైనస్ 11, దాన్ని అందుకోడానికి ఇలాంటి పాటల్ని పైకి లేపితే మోత వచ్చే చోట తల పైకప్పుకి, అంటే సౌండ్ దాటలేని గరిష్ఠ హద్దుకి తగుల్తుంది, అప్పుడు లిమిటర్ (హద్దు దాటే సౌండ్‌ని అణిచేసేది) నెత్తిమీద నొక్కేస్తుంది. పస పోయేది అక్కడే. నార్మల్‌కి వచ్చెయ్. ఇంకోటి, షఫుల్‌లో కాకుండా ఆల్బమ్‌ని వరసగా విను, అప్పుడు ఆల్బమ్ మొత్తానికి ఒకే కొలత వాడుతుంది, మెత్తటి పాట మెత్తగానే ఉంటుంది.

బస్సు ఇంజిన్ రొదకి నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చెయ్. సౌండ్ మాత్రం మోత వచ్చే చోట సెట్ చేసుకుని వదిలెయ్, మెల్లగా ఉన్న చోట పెంచకు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే మరి.

ప్రశ్న: విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఇలాగే చప్పగా వస్తోంది?

జవాబు: సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ కింద 'లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్' టిక్ ఉంటే తీసెయ్, అది మెల్లటి చోటుకీ మోతకీ మధ్య తేడా తగ్గించేస్తుంది. సినిమాల్లో గొణుగుడు డైలాగులకి అది బాగానే పనికొస్తుంది, గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ అనే పోస్ట్-రాక్ బ్యాండ్ వాళ్ల 20 నిమిషాల ట్రాక్‌కి మాత్రం వద్దు.