షెన్‌జెన్‌లో ఎమ్మెస్ చేస్తానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. క్లాసులో అందరూ అమెరికా, జీఆర్‌ఈ అంటుంటే తను చైనాలోని షెన్‌జెన్ నగరం వీడియోలు చూసి ఎమ్మెస్ అక్కడే చేస్తానంటోంది. ‘ఇక ముందంతా చైనాదే నాన్నా’ అంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అమ్మాయి మాటలో పస ఉందండీ. అదీ తను ఈసీఈ కాబట్టి. సాఫ్ట్‌వేర్ కోసం చైనా వెళ్తానంటే మాత్రం వద్దనే చెప్పేవాణ్ని.

షెన్‌జెన్‌ను 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి చేశారు. 2020 నాటికి జనాభా కోటీ 75 లక్షలు. హువావే, బీవైడీ, డ్రోన్లు చేసే డీజేఐ అన్నీ అక్కడివే. 2017 ఆఖరుకే 16 వేలకు పైగా ఉన్న సిటీ బస్సులన్నీ కరెంటుతో నడవడం మొదలైంది. వీడియోల్లో కనిపించేది ఇదంతా. మీ అమ్మాయికి అసలు పనికొచ్చేది మాత్రం హువాచియాంగ్‌బెయ్ మార్కెట్. అంతస్తుల కొద్దీ చిన్న చిన్న కౌంటర్లు. ఒకచోట కెపాసిటర్ల రీళ్లు, పక్కన కెమెరా మాడ్యూళ్లు, ఆ పక్కన డిస్‌ప్లేలు. పొద్దున పార్టులు కొనుక్కుంటే సాయంత్రానికి బోర్డు మీద సోల్డరింగ్ చేసి చూసుకోవచ్చు. మన దగ్గర చాలా పార్టులకు ఆర్డర్ పెట్టి, అవి వచ్చేదాకా కూర్చోవాల్సిందే.

ఇక వీడియోల్లో రానివి. ఫోన్‌తో డబ్బులు కట్టడం మనకు వింత కాదు, యూపీఐ ఉంది. కానీ మెట్రో ఎక్కాలంటే బ్యాగు స్కానర్‌లో పెట్టాలి. గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలుగా పనిచేయవు. వాళ్లు వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌ను 2020లో మన దేశం నిషేధించింది. రోజూ రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడాలనుకునే అమ్మకు ఇది చిన్న విషయమేమీ కాదు. ఉద్యోగాలూ అంత సులువు కాదు. 2023 జూన్‌లో అక్కడి పట్టణ యువతలో నిరుద్యోగం 21.3 శాతం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజుల పని చట్టవిరుద్ధమని 2021లో వాళ్ల సుప్రీంకోర్టే చెప్పింది. అయినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

అందుకే అక్కడే స్థిరపడాలన్న లెక్కతో పంపకండి. చదువు, పని, భాష నేర్చుకుని వస్తే మాత్రం ఇక్కడ అవకాశాలున్నాయి. హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో ఎయిర్‌పాడ్స్ చేసే ఫాక్స్‌కాన్ తైవాన్ కంపెనీ. వాళ్లదీ మాండరిన్, అంటే చైనీస్ భాషే. లైన్ మీద మెషీన్ ఆగితే తైవాన్ ఇంజినీరుతో నేరుగా మాట్లాడగలిగే ఈసీఈ అమ్మాయికి గిరాకీ ఉంటుంది.

ఖర్చు మాట. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్ పూర్తిగా వస్తే ఫీజు, వసతి పోను నెలకు 3,000 యువాన్లు చేతికిస్తారు. అది రాకపోతే అప్పు చేసి మాత్రం పంపొద్దు. సింగ్వా యూనివర్సిటీకి షెన్‌జెన్‌లో ఉన్న క్యాంపస్‌లో ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సులున్నాయి. క్లాసు ఇంగ్లిష్‌లో నడిచినా, ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్‌కు చైనీస్ రాకపోతే కష్టం.

కాబట్టి ఇప్పుడే చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కే మొదటి స్థాయికి చదవడం మొదలుపెట్టమనండి. ఆ భాషను పలకడంలో ఉండే నాలుగు స్వరాలు (టోన్లు), రోజుకు పది అక్షరాలు రాయడం. సెమిస్టర్ పరీక్షల టైంలో కూడా వదలకుండా చదువుతుంటే, నాలుగో ఏడాది మొదట్లో తన మార్కుల జాబితాతో మళ్లీ రాయండి, అప్లికేషన్ల సంగతి చూద్దాం.