పెళ్లి హాల్లో అద్దం కోసి చెయ్యి పోయింది: కేసు దేనిమీద నిలుస్తుంది?

సందేహం: బంధువుల పెళ్లిలో హాలు అద్దాల తలుపు పగిలి మా తమ్ముడికి మోచేతి పైన లోతుగా తెగింది. అక్కడి ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో దూది, ఎండిపోయిన టింక్చర్ సీసా తప్ప ఏమీ లేవు. పసుపు అద్ది కండువా చుట్టాం, రక్తం ఆగలేదు. ప్రాణం దక్కింది గానీ వేళ్లు పని చేయడం లేదు. ఇది జరిగి 19 నెలలైంది. అప్పట్లో మేనేజరు 25 వేలు ఇచ్చి ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నాడు. ట్రామా కిట్టు (పెద్ద గాయాల రక్తం ఆపే సామాను) పెట్టనందుకు ఓనరును జైలుకు పంపవచ్చా? బైకు యాక్సిడెంట్ అని రాయిస్తే ఇన్సూరెన్స్ వస్తుందని ఒకాయన అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

సలహా: అమ్మా, మీ ఉత్తరం సగం కిట్టు గురించే ఉంది. కేసు తేలేది మాత్రం వేరేచోట. వేళ్లు పడిపోయింది అద్దం నరాన్ని కోసేయడం వల్లా, రక్తం ఆపడం ఆలస్యమైనందువల్లా? ఆపరేషన్ చేసిన సర్జన్ చేత ఇది రాతపూర్వకంగా తీసుకోండి. నరం అప్పుడే తెగిపోయి ఉంటే, కిట్టు ఉన్నా చెయ్యి దక్కేది కాదని ఓనరు లాయరు వాదిస్తారు. అందుకే ఫిర్యాదులో అద్దం ముందు, కిట్టు తర్వాత రావాలి. అది టఫెన్డ్ (పగిలినా పదునైన పెంకులు కాని గట్టి) అద్దమేనా, తలుపు ఉన్నట్టు తెలిసేలా స్టిక్కరు ఉందా, ముందే బీట వారిందా అన్నవి చూడాలి.

ఇవి తెలిసేది పెళ్లి వీడియోలో. ఎడిట్ చేసిన సీడీ చాలదు. వీడియోగ్రాఫర్ హార్డ్‌డిస్కులో అసలు ఫుటేజ్ ఉందేమో ఈరోజే అడగండి. చాలామంది కొన్నాళ్లకు చెరిపేస్తారు. దొరికితే, భారతీయ సాక్ష్య అధినియమ్ 2023లోని సెక్షన్ 63 ప్రకారం, దాన్ని ఏ పరికరం నుంచి ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ కూడా జత చేయాలి. ఆస్పత్రి క్యాజువాల్టీ రిజిస్టరు నకలు, డిశ్చార్జి సమ్మరీ, నరాల పరీక్ష రిపోర్టు సేకరించండి.

19 నెలలు ఒక్క నోటీసైనా ఇవ్వకుండా ఊరుకోవడం, చదవని కాగితం మీద సంతకం చేయడం రెండూ తప్పే. అందులో ‘పూర్తి పరిహారం ముట్టింది’ అని ఉంటే మీకు చిక్కే. ఆ కాగితం నకలు రాతపూర్వకంగా అడగండి. 25 వేలు అందిన సంగతి ఫిర్యాదులో మీరే చెప్పండి, దాచవద్దు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం గడువు రెండేళ్లు. మీకు మిగిలింది ఐదు నెలలే. ఆలస్యాన్ని మన్నించే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది గానీ, దాన్ని నమ్ముకోవద్దు. హాలు అద్దె మీరు కట్టలేదు కాబట్టి మీరు వినియోగదారులే కాదని ఓనరు లాయరు అంటారు. కానీ అద్దె కట్టినవారి ఆమోదంతో సేవ పొందినవారూ వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. పెళ్లివారి దగ్గర అద్దె రసీదు, మీకిచ్చిన శుభలేఖ తీసుకోండి. అద్దె ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ముందు లాయరు నోటీసు పంపి, నెల్లూరు జిల్లా కమిషన్‌లో మీ తమ్ముడి పేరుతోనే ఫిర్యాదు వేయండి.

బైకు యాక్సిడెంట్ మాట మళ్లీ ఎత్తవద్దు. ఆస్పత్రి రిజిస్టరులో ఆ రాత్రే అద్దం కోసిందని రాసి ఉంటుంది. కోర్టు విచారణలో తప్పుడు సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు పడుతుంది. ఆ ముద్ర పడ్డాక మీ నిజమైన కేసును కూడా ఎవరూ నమ్మరు. సలహా ఇచ్చినాయన మీతో పాటు బోనెక్కరు.

ఇక జైలు సంగతి. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేసినందుకు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 125 ఉంది. దాని కింద పోలీసులకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. కానీ డబ్బాలో కిట్టు లేనంత మాత్రాన ఓనరును జైలుకు పంపలేరు, తమ్ముడి వైద్యం ఖర్చూ దానివల్ల రాదు.

మీ కిట్టు పట్టుదల మంచిదే, నాకూ ఆ పట్టుదల ఉంది. పెద్ద ధమని తెగితే మనిషి నిమిషాల్లో పోవచ్చు, 108 వచ్చేలోపు ఆపాల్సింది పక్కనున్నవాళ్లే. సేవా లోపాన్ని సరిచేయమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. కాబట్టి పరిహారంతో పాటు హాల్లో కిట్టు పెట్టమని కూడా అడగండి. ఊరికే ‘ఫస్ట్ ఎయిడ్ బాక్సు’ అని రాస్తే మళ్లీ దూది డబ్బానే పెడతారు. టూర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ), ప్రెజర్ బ్యాండేజీ (గాయాన్ని అదిమి ఉంచే కట్టు), గాజ్ (గాయం మీద వేసే పల్చటి గుడ్డ), కత్తెర, గ్లవ్స్, కట్టిన సమయం రాయడానికి మార్కరు అని పేరుపేరునా రాయించండి. వాటిని వాడటం నేర్చుకున్న మనిషి ఒకరు ప్రతి ఫంక్షన్‌లో హాల్లో ఉండాలని కూడా చేర్చండి.