పడుకోగానే ముక్కు దిబ్బడ, చుక్కలు వేస్తేగానీ నిద్ర పట్టదు: ఏం చేయాలి?

మీరు రాసింది ఇదీ: పగలు బాగానే ఉంటుంది, పడుకున్న కాసేపటికే ముక్కు దిబ్బడేస్తుంది, నోరు ఎండిపోయి రాత్రి రెండు మూడుసార్లు మెలకువ వస్తుంది, నాలుగు నెలలుగా ఆక్సీమెటాజోలిన్ చుక్కలు లేనిదే నిద్ర లేదు. ముందు ఆ చివరి మాట సంగతే చూడాలి. మొదట జలుబో అలర్జీయో ఉండి ఉంటుంది. ఇప్పుడు మాత్రం మీ నిద్ర చెడగొడుతున్నవాటిలో పెద్ద వాటా ఆ చుక్కలదే అని నా అంచనా.

ముక్కులో రెండు పక్కలా టర్బినేట్లు అనే మడతలుంటాయి. వాటి నిండా రక్తనాళాలే, తడిసిన స్పాంజిలా ఉబ్బగలవు. పడుకున్నప్పుడు తల, గుండె ఒకే ఎత్తులోకి వస్తాయి కాబట్టి అక్కడి నుంచి రక్తం దిగడం మందగించి అవి ఉబ్బుతాయి. లేచి కూర్చోగానే కొంత తేలికపడేది అందుకే. ఇది కాక, కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం బిగుసుకుని రెండోది తెరుచుకోవడం అందరికీ జరిగేదే. పక్కకు ఒత్తిగిలితే కింది వైపు మూసుకోవడమూ అంతే. మారుతూ ఉండే దిబ్బడకు మందు అక్కర్లేదు. రెండూ కలిసి మూసుకుపోయినా, ఎప్పుడూ ఒకే వైపు మూసుకుని ఉన్నా పట్టించుకోవాలి.

ఆక్సీమెటాజోలిన్, జైలోమెటాజోలిన్ ఆ రక్తనాళాలను గట్టిగా బిగిస్తాయి. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. మందు దిగాక నాళాలు మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ వేస్తారు. రోజులు గడిచేకొద్దీ ఒక్కో మోతాదు పనిచేసే సమయం తగ్గుతూ పోతుంది. వీటిని మూడు రోజులు, మహా అయితే ఐదు రోజులు మించి వాడొద్దనేది ఇందుకే.

మానడానికి తేలికైన దారి ఒకటుంది. ఒకేసారి రెండు వైపులా ఆపకండి. ఒక రంధ్రంలో ఈ రోజే పూర్తిగా ఆపేయండి, రెండో దాంట్లో రాత్రిపూట మాత్రమే వేసుకోండి. ఊపిరికి ఒక దారి ఉంటుంది కాబట్టి నిద్ర దక్కుతుంది. ఆపిన వైపు దానంతటది తెరుచుకోవడానికి సుమారు ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ తర్వాత రెండోది ఆపండి. మొదటి మూడు నాలుగు రాత్రులు కష్టంగా ఉంటాయి. చాలామంది మళ్లీ చుక్కల దగ్గరికి వెళ్లేది ఆ రాత్రుల్లోనే, కాబట్టి వాటిని మరుసటి రోజు పెద్దగా పనిలేని రోజుల్లో పెట్టుకోండి.

ఆపే రోజు నుంచే రెండు వైపులా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టాలి: ఫ్లూటికసోన్, మొమెటసోన్, బుడెసొనైడ్ వంటివి. ఏది, ఎంత అన్నది డాక్టరును అడగండి, ముఖ్యంగా గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నా, ముక్కుకు ఈమధ్యే ఆపరేషన్ అయినా. ఇది చుక్కల్లా అప్పటికప్పుడు తెరవదు. రోజూ వాడితే పూర్తి గుణం కనిపించడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. నాలుగు రోజులు కొట్టి పనిచేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ.

ఇంకా ఎక్కువమంది చేసే పొరపాటు కొట్టే పద్ధతిలో ఉంది. తల వెనక్కి వాల్చి, నిట్టనిలువుగా కొట్టి, గట్టిగా ఎగబీలుస్తారు. మందంతా గొంతులోకి జారి చేదు తగులుతుంది, ముక్కుకు మిగిలేది ఏమీ ఉండదు. సరైన పద్ధతి ఇదీ. కొత్త సీసా అయితే సన్నటి పొగమంచులా వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. ముక్కు మెల్లగా చీదుకోండి. తల కాస్త ముందుకు వంచండి. కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడితే మొన దానంతటదే బయటి వైపుకు, అంటే అదే పక్క చెవి వైపుకు తిరుగుతుంది. నొక్కుతూ, మామూలుగా వాసన చూసినంత మెల్లగా పీల్చండి. ముక్కు మధ్య గోడకు తగిలేలా కొడుతూ పోతే అక్కడ పొర పుండై, పొక్కు కట్టి, రక్తం వస్తుంది. రక్తం చూసి మందు పడలేదనుకుంటారు, చాలాసార్లు తప్పు మొన తిరిగిన దిక్కుదే.

స్ప్రేకు పది పదిహేను నిమిషాల ముందు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే చీమిడి పోయి మందు పొరకు తగులుతుంది. 240 మిల్లీలీటర్ల నీళ్లకు అయొడిన్ కలపని మెత్తటి ఉప్పు అర టీస్పూనుకు కొంచెం తక్కువ (2 గ్రాముల పైచిలుకు), వంటసోడా చిటికెడు. ఉప్పు తక్కువైనా ఎక్కువైనా మండుతుంది. నీళ్ల విషయంలో మాత్రం రాజీ పడొద్దు. కుళాయి నీళ్లు నేరుగా వాడకండి, అరుదుగానైనా నెగ్లీరియా అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి, లేదా తెర్లుతున్న నీళ్లను ఒక నిమిషం అలాగే మరగనిచ్చి గోరువెచ్చగా చల్లార్చండి. సింకు మీదికి వంగి, తల ఒక పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీసుకుంటూ పై రంధ్రంలో పోస్తే కింది దాంట్లోంచి వస్తాయి. చెవి పోటు పుడితే ఆపేయండి. ఆ తర్వాత రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదకండి, నీళ్లు చెవివైపు తోసుకొస్తాయి. పడుకునే ముందు నిమిషంలో కాకుండా గంట ముందే కడుక్కోండి, లేకపోతే మిగిలిన నీళ్లు పడుకోగానే గొంతులోకి కారి దగ్గు లేపుతుంది. సీసా కడిగి ఆరబెట్టడం రోజూ చేయాల్సిందే.

నోటి మాత్రల్లో ఫినైలెఫ్రిన్ మీద ఆశ పెట్టుకోవద్దు. నోటితో మింగితే ముక్కు దిబ్బడకు పనిచేయడం లేదని, దాన్ని తీసేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో ప్రతిపాదించింది. సూడోఎఫిడ్రిన్ పనిచేస్తుంది గానీ నిద్ర చెడగొడుతుంది, బీపీ పెంచుతుంది. సిట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు తుమ్ములు, దురద, కారడం తగ్గిస్తాయి, దిబ్బడ మీద వాటి ప్రభావం తక్కువ. మెంథాల్ పూస్తే గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, దారి మాత్రం వెడల్పు కాదు.

మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మెలు పెట్టి 15 సెంటీమీటర్లు ఎత్తండి. దిండ్లు పేర్చితే మెడ ముందుకు వంగి గొంతు ఇంకా ఇరుకవుతుంది. పొద్దున లేస్తూనే తుమ్ములుంటే పరుపులోని దుమ్ము పురుగులను అనుమానించండి: దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, గదిలో తేమ 50 శాతం లోపు ఉండాలి. చెంపను వేళ్లతో పక్కకు లాగినప్పుడు గాలి చటుక్కున ఆడితే ఇబ్బంది ముక్కు ముందు భాగపు ఇరుకులో ఉండొచ్చు. అలాంటివారికి ముక్కు మీద అంటించే పట్టీ ఉపయోగపడుతుంది.

ఇంతా చేసి ముక్కు తెరుచుకున్నా నిద్ర బాగుపడకపోతే లోపం ముక్కులో లేదేమో చూడాలి. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేవడం, పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, ఇవి స్లీప్ ఆప్నియా లక్షణాలు. మీ పక్కన పడుకునేవారిని అడగండి, నిద్రలో ఏం జరుగుతుందో మీకన్నా వాళ్లకే తెలుస్తుంది. దీనికి నిద్ర పరీక్ష చేయించాలి, గంటకు సగటున ఐదుసార్లు, అంతకుమించి ఊపిరి ఆగడమో తగ్గడమో జరిగితే స్లీప్ ఆప్నియాగా లెక్కలోకి వస్తుంది. ముక్కు దిబ్బడ ఉండగా నోటికి టేపు అంటించుకునే ప్రయోగం దయచేసి చేయకండి, మిగిలిన ఒక్క దారీ మూసినట్టే.

తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలతో లేస్తుంటే ఆస్తమా ఉందేమో చూపించుకోవాలి. ఒకే వైపు దిబ్బడతో రక్తమో దుర్వాసనో ఉన్నా, వాసన తెలియకుండా పోయినా ఈఎన్‌టీ డాక్టరు లోపలికి ఎండోస్కోప్ (సన్నటి కెమెరా గొట్టం) పెట్టి చూడాల్సిందే. పడుకున్న గంటా రెండు గంటలకు ఆయాసంతో లేచి కూర్చుంటేగానీ ఊపిరి ఆడకపోవడం, దానికి తోడు పాదాల వాపు ఉంటే అది గుండెకు సంబంధించినది కావచ్చు, స్ప్రేలతో రోజులు గడపకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, పెదాలు నీలంగా మారినా తెల్లారేదాకా ఆగకండి, అంబులెన్సు పిలవండి.