సీటు దగ్గరే తేలిపోయే లైసెన్స్

ప్రశ్న: నేను టెక్కలి దగ్గర స్కూల్ అసిస్టెంట్‌ని. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. కృత్రిమ కాళ్లు, కాలిపర్లు తయారుచేసే ప్రాస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ చదువుతానంటోంది. ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు ఏడాది డిప్లొమాకి లక్షా అరవై వేలు అడుగుతున్నారు, అయిపోగానే సొంత సెంటర్ పెట్టుకోవచ్చంటున్నారు. డాలస్‌లో ఉన్న మా తమ్ముడేమో ఈ పనికి డిగ్రీ కాదు, లైసెన్స్ ముఖ్యం అంటున్నాడు. ఆ లైసెన్స్ ఎవరిస్తారు? దానికి పరీక్ష ఎప్పుడు రాయాలి?

జవాబు: మాస్టారూ, ముందు ఆ లక్షా అరవై వేలు కట్టకండి. సంస్థ వాళ్లను ఒకే మాట అడగండి: "ఈ కోర్సుకి ఆర్‌సీఐ అనుమతి ఉందా? ఉంటే మా అమ్మాయి బ్యాచ్‌కి వర్తిస్తుందా?" "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నారంటే అక్కడితో మాట ఆపేసి ఇంటికొచ్చేయండి.

ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992లో పార్లమెంటు చేసిన చట్టం కింద నడిచే కేంద్ర సంస్థ. డాక్టర్లకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఎలాగో, మన దేశంలో ప్రాస్థెటిస్టులకు, ఆర్థోటిస్టులకు ఇది అలాగ. వీళ్ల దగ్గర సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్ అని ఒకటుంటుంది, అందరూ సీఆర్ఆర్ అంటారు. అందులో పేరెక్కి నంబరు వస్తేనే ఈ పని చట్టబద్ధంగా చేసుకోవచ్చు. పేరు లేకుండా చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చట్టంలోనే ఉంది. వెయ్యి రూపాయలేగా అని నవ్వుకునేవాళ్లని చూశాను. జరిమానా సంగతి పక్కన పెట్టండి. ఆసుపత్రివాళ్లు ఉద్యోగానికి పిలిచినప్పుడు మొదట అడిగేది ఆ నంబరే.

ఇక మీ రెండో ప్రశ్న. మన దగ్గర డిగ్రీ అయ్యాక విడిగా రాసే లైసెన్స్ పరీక్షంటూ లేదు. ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు, గుర్తించిన కాలేజీలో చదివి పాసైతే ఆ సర్టిఫికెట్ మీదే రిజిస్ట్రేషన్ ఇస్తారు. వినడానికి సులువే. చిక్కంతా అందులోనే ఉంది. పరీక్ష ఉంటే తప్పినా మళ్లీ రాసుకోవచ్చు. ఇక్కడ తప్పు సీటు దగ్గరే జరిగిపోతే మళ్లీ మొదటి నుంచి చేరడం తప్ప దిద్దుకునే దారి ఉండదు. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు లామినేషన్ చేయించిన సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. ఏడాది కోర్సు, ఫస్ట్ క్లాసు. కాలేజీ పేరు, కోర్సు పేరు బంగారు అక్షరాల్లో ఉన్నాయి, ఆర్‌సీఐ మాట ఎక్కడా లేదు. చివరికి మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చేరాడు, తమ్ముడి వయసు పిల్లలతో కలిసి.

ఇంత కట్టడి దేనికని అమ్మాయి అడగొచ్చు. మోకాలి కింద బయటివైపు వేలితో తడిమి చూడమనండి. గోళీకాయలా ఒక ఎముక తగులుతుంది. అది ఫిబులా తల. దాని మెడను చుట్టుకుని, చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. పాదాన్ని పైకెత్తించేది అదే. కాలిపర్ అక్కడ గట్టిగా నొక్కుకుంటే పాదం వాలిపోయే ప్రమాదం ఉంది. అంటే నడవడానికి వేసిన కాలిపరే నడక చెడగొడుతుంది. మోకాలి కింద కాలు తీసేసినవాళ్లకు సాకెట్, అంటే మిగిలిన కాలు దూర్చుకునే తొడుగు, చేసేటప్పుడూ ఆ ఎముక మీద ఒత్తిడి పడకూడదు. పీఓపీ బ్యాండేజీతో కొలత తీసుకుని, అందులో ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చు మీద ఫిబులా తల ఉన్నచోట కాస్త ప్లాస్టర్ అదనంగా పూస్తారు, సాకెట్ అక్కడ ఆనకుండా. మోకాలిచిప్ప కింద మాత్రం గీకి కొంచెం లోతు చేస్తారు, బరువు అక్కడ మోయాలి కాబట్టి. తర్వాత పాలీప్రొపిలీన్ షీటుని ఓవెన్‌లో మెత్తబడేదాకా కాల్చి అచ్చు మీద పరిచి, వాక్యూమ్‌తో గాలి లాగేస్తారు. అంతా మిల్లీమీటర్ల లెక్క. షుగర్ వల్ల కాలు పోయినవాళ్లలో చాలామందికి స్పర్శ సరిగా ఉండదు. సాకెట్ ఒరుసుకుని పుండు పడినా వాళ్లకు తెలియదు, చీము పట్టాక చూసుకుంటారు. ఏడాదిలో ఈ పనికి చేయి తిరగదు, మాస్టారూ.

అమ్మాయి చదవాల్సింది బీపీఓ, బ్యాచిలర్ ఇన్ ప్రాస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్. నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగున్నరేళ్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉండాలి. ఎంపీసీ పిల్లలకూ దారి ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. నిజానికి ఈ పనిలో సగం మెకానిక్సే. కేంద్ర సంస్థల్లో మీకు అన్నింటికన్నా దగ్గరది కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో ఉంది. స్వామి వివేకానంద పేరుతో నడిచే పునరావాస శిక్షణ సంస్థ, పొట్టిగా స్వినర్తార్ అంటారు. హౌరా వైపు రైలెక్కితే హైదరాబాద్‌కన్నా దగ్గరే. కోల్‌కతాలో చలన వైకల్యాల జాతీయ సంస్థ ఎన్‌ఐఎల్‌డీ, ఢిల్లీలో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ కూడా ఉన్నాయి. ఇలాంటి కేంద్ర సంస్థల సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష పెడతారు. నీట్‌కి చదివిన పిల్లకి ఆ సిలబస్ కొత్తేమీ కాదు. ప్రైవేటు కాలేజీలన్నీ చెడ్డవని నేననను. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని జాబితాలో కాలేజీ పేరు, కోర్సు పేరు, అనుమతి ఏ సంవత్సరం దాకా ఉందో మూడూ చూసుకోండి. కాలేజీకి వేరే కోర్సు అనుమతి ఉంటే దాన్నే చూపించి మాట దాటేసేవాళ్లున్నారు.

ఒక మాట మధ్యలో. ఫిజియోథెరపీ వాళ్లకు 2021లో కొత్త చట్టం వచ్చింది, దాని కింద వేరే కమిషన్ ఉంది. స్టాఫ్ రూములో ఎవరైనా ఆ కబురు చెబితే దీంతో కలిపేసుకోకండి.

సీఆర్ఆర్ నంబరు ఒకసారి వస్తే జీవితాంతం ఉండదు, గడువుకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. మధ్యలో వర్క్‌షాపులకూ సెమినార్లకూ వెళ్లి సీఆర్‌ఈ పాయింట్లు, అంటే చదువు కొనసాగిస్తున్నట్టు చూపే పాయింట్లు, కూడబెట్టుకోవాలి. చాలామంది ఆఖరి ఏడాదిలో పరుగులు పెడతారు.

మీ తమ్ముడు చెప్పింది సగం నిజం. అమెరికాలో లైసెన్స్ రాష్ట్రాల చేతిలో ఉంది. ఆయన ఉన్న టెక్సాస్‌లో చట్టప్రకారం లైసెన్స్ ఉండి తీరాలి. కాలిఫోర్నియాలో ఈ వృత్తికి రాష్ట్ర లైసెన్సే లేదు. అయినా ఎక్కడికెళ్లినా ఉద్యోగమిచ్చేవాళ్లూ, ఇన్సూరెన్స్ వాళ్లూ చూసేది ఏబీసీ అనే జాతీయ బోర్డు సర్టిఫికేషన్. 1948 నుంచి ఉన్న బోర్డు అది. దానికి మామూలు దారి ఏమిటంటే, అక్కడ గుర్తింపు ఉన్న కాలేజీలో మాస్టర్స్, ఆ తర్వాత రెసిడెన్సీ, ఆ తర్వాత పరీక్షలు. వాటిలో ఒకటి పేషెంటు ఎదురుగా పనితనం చూసేది. కాబట్టి మన బీపీఓ పట్టుకుని డాలస్‌లో దిగి మర్నాడు పనిలో చేరడం కుదరదు. డిగ్రీ కాదు లైసెన్స్ అన్నాడు గానీ, ఆ లైసెన్స్‌కి ముందు ఇంకో డిగ్రీ ఉందని చెప్పలేదు. బ్రిటన్ సంగతి వేరు. హెచ్‌సీపీసీ అనే ఆరోగ్య వృత్తుల కౌన్సిల్ రిజిస్టర్‌లో లేనివాళ్లు తమను తాము ప్రాస్థెటిస్టు అని చెప్పుకోవడమే అక్కడ నేరం. గల్ఫ్‌లో ఎక్కడికి వెళ్తే అక్కడి ఆరోగ్యశాఖ లైసెన్స్ తీసుకోవాలి, సర్టిఫికెట్లన్నీ ముందు తనిఖీకి పోతాయి.

ఇది గ్లౌజులేసుకుని ఏసీ గదిలో కూర్చునే పని కాదు. తొలి ఏళ్ల జీతం చూసి మీ బంధువులు పెదవి విరుస్తారు కూడా. సీటు తీసుకునే ముందు అమ్మాయిని దగ్గర్లోని ఏ కృత్రిమ అవయవాల కేంద్రానికైనా తీసుకెళ్లి ఒక రోజంతా కూర్చోబెట్టండి. సాయంత్రానికి జడ నిండా ప్లాస్టర్ దుమ్ముతో వస్తుంది. రేపు కూడా వెళ్తానంటే దరఖాస్తు పెట్టండి.

ఇంకొకటి, చిన్నదే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఇంటర్ మెమోలో ఒక్క అక్షరమే ఉందేమో చూడండి. ఉంటే ఇప్పుడే సరిచేయించండి. రిజిస్ట్రేషన్ దగ్గరా, ఆ తర్వాత గల్ఫ్ తనిఖీ దగ్గరా పిల్లలు నెలలు పోగొట్టుకునేది ఆ అక్షరం మీదే.